కుదరదు, కూర్చోండి

నా చేత్తో కొట్టిన పెట్టెలు ఎన్ని సముద్రాలు దాటాయో లెక్క లేదు. నేను మాత్రం బెజవాడలో రైలెక్కితే ఏలూరులో దిగాల్సింది, నిద్రపోయి రాజమండ్రిలో దిగుతాను. ఓసారి అలా దిగినప్పుడు అక్కడి టీసీ టికెట్టు తిప్పి తిప్పి చూసి, "ఇది ఏలూరు దాకానే కదయ్యా" అన్నాడు. "అవునండీ, సరుకు పొరపాటున ఎగుమతైపోయింది" అన్నాను. టికెట్టుకి జరిమానా వేసినవాడు ఆ జోకుకి కూడా కలిపి వేశాడేమోనని నా అనుమానం.

చదువు సంగతి అడగొద్దు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. ఎక్కినవాణ్ణి ఊరుకోక, ఆ బెంచీ కాలు ఎందుకు ఊగుతోందా అని వంగి చూశాను. దాన్ని బాగుచేద్దామని దిగినవాణ్ణి వడ్రంగంలోనే ఉండిపోయాను. మాస్టారు ఇంకా నన్ను దిగమనలేదు, అది వేరే విషయం.

ఆటోనగర్లో నాది చెక్కపెట్టెల షెడ్డు. గేరుబాక్సులు, పిస్టన్లు, పంపులు ఊరు దాటాలంటే వాటికి చొక్కా తొడిగేది నేనే. మొన్న పక్క షెడ్డు వాళ్ళకి విదేశం నుంచి కొత్త మిషనొకటి దిగింది. అందరూ మిషను చుట్టూ మూగారు, నేను పెట్టె చుట్టూ తిరిగాను. పెట్టె చెక్క మీద కాల్చిన ముద్ర ఉంది. గోధుమ కంకి బొమ్మ, పక్కన ఏవో అక్షరాలు. ఈ చెక్కని కాచి, పురుగూ పుట్రా లేకుండా చేశామని పంపిన దేశం ఇచ్చే హామీ అది. ఇప్పుడు మా పెట్టెలకీ ఆ ముద్ర లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. దాన్ని వేలితో తడుముతూ ఉంటే, "అంచున బెరడుందేమో చూడండి" అని వెనకనుంచి ఎవరో అన్నట్టయి నిజంగానే తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ మాట ఎప్పుడూ అనే ఆవిడ ఆఫీసు మూసేసి, భర్తతో కలిసి ఉయ్యూరు వెళ్ళిపోయి చాలాకాలమైంది.

ఆవిడ పేరు రాయను. రాస్తే, "నా పేరు బయటికి పంపడానికి పర్మిషనెవరిచ్చారండీ?" అని పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తారు. మేమంతా మేడం అనేవాళ్ళం.

గవర్నర్‌పేటలో మందుల షాపు మీద ఒక గది. అక్కడికి చేరాలంటే నిలువుగా ఉండే ఇరుకు మెట్లెక్కాలి. సరుకు దేశం దాటాలన్నా, దేశంలోకి రావాలన్నా ఏ లైసెన్సు తీసుకోవాలి, ఏ కాగితం జతచెయ్యాలి, అసలా సరుకు కదలొచ్చా కదలకూడదా అన్నది చెప్పి, ఆ పని దగ్గరుండి చేయించడం ఆవిడ వృత్తి. గంజి పెట్టిన నేతచీర, చంకలో నల్లగొడుగు. ఎండకీ వానకీ కాదు, మేఘం లేని సాయంత్రం కూడా ఆ గొడుగుండేది. వచ్చినవాళ్ళు మెట్లెక్కిన ఆయాసంతోనే విషయం చెప్పేవాళ్ళు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా అనేవారు:

"కుదరదు, కూర్చోండి."

కోపిష్ఠివాళ్ళు మొదటి మాట వినగానే మెట్లు దిగిపోయేవారు. రెండోది కూడా వినే ఓపిక ఉన్నవాళ్ళకి టీ వచ్చేది. టీతోపాటు పని ఎందుకు కుదరదో వచ్చేది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఎలా కుదురుతుందో కూడా వచ్చేది. ఎప్పుడోగాని ఒట్టి కుదరకపోవడం మిగిలేది కాదు.

బల్ల మీద ఒకవైపు బైబిలు, ఇంకోవైపు అంతే లావున ప్రభుత్వం వేసే ఎగుమతి దిగుమతుల విధానం పుస్తకం. రెండింట్లోనూ ఎర్ర రిబ్బన్లు. ఓ రోజు ఆగలేక అడిగాను.

"మేడం, ఈ రెండింట్లో తేడా ఏంటండీ?"

"ఇది ప్రతి ఏప్రిల్లో మారుతుంది. అది నేను మారేదాకా మారదు."

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూసేవారు. మిరపకాయలైతే సరే, పసుపైతే సరే, స్టీలు బోల్టు ఇచ్చినా ముక్కు దగ్గరికే వెళ్ళేది. "బోల్టుకి వాసనేంటండీ?" అంటే, "నూనె రాశారు. ఏ నూనో రాయాలి కదండీ" అనేవారు. నా జోకులకి నవ్వేవారు కాదు, అంటే అప్పుడు నవ్వేవారు కాదు. జోకు వేసి, టీ తాగి, వేరే సంగతి మొదలుపెట్టి సగంలో ఉండగా హఠాత్తుగా భుజాలు కదిలించి నవ్వేవారు. వాళ్ళాయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ నవ్వు కూడా ఆ బండిలాగే, రావడం ఖాయం, ఎప్పుడన్నది మాత్రం అడగొద్దు.

తొంభైల మొదట్లో, దేశం తలుపులు తెరిచారని పేపర్లన్నీ రాసిన రోజుల్లో, మా ఆటోనగర్ మెకానిక్ ఒకాయన్ని నేనే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకి జపాను నుంచి వాడేసిన ఇంజన్లు తెప్పించాలని మహా ఉబలాటం.

"కుదరదు, కూర్చోండి. కొత్తవా, పాతవా?"

"పాతవేనండీ. చవగ్గా వస్తాయి గదా."

"అందుకే లైసెన్సు. కొత్తవాటికైతే తలుపు తీశారు. పాతవాటికి గొళ్ళెం ఇంకా అలానే ఉంది."

"మరి అన్నీ తెరిచామని పేపర్లో వేశారుగా మేడం!"

"మీ ఇంటికి చుట్టమొస్తాడండీ. లోపలికి రమ్మంటారా?"

"రమ్మంటాం."

"చెప్పులో?"

"చెప్పులు బయటే."

"చుట్టాన్ని అవమానించినట్టా మరి? దేశమూ అంతే. ఊళ్ళో వాళ్ళు వాడి పారేసినవన్నీ మన గుమ్మంలో కుప్ప పోసుకుంటే తర్వాత మనమే ఊడ్చుకోవాలి."

"మేడం, కొన్ని ఇళ్ళల్లో చెప్పుల్ని లోపలికి రానిచ్చి, చుట్టాన్ని బయట నిలబెడతారండీ" అన్నాను నేను, ఊరుకోలేక.

ఆవిడ తలెత్తలేదు. మెకానిక్‌కి ఏం చెయ్యాలో అంతా వివరించి, మేం మెట్లు సగం దిగాక, పైన గదిలోంచి నవ్వు వినిపించింది.

అందరితోనూ ఇదే తీరు. కైకలూరు వైపు నుంచి రొయ్యల చెరువుల ఆయనొకాయన మండిపోతూ వచ్చారోసారి. రొయ్యల్లో మందుల ఆనవాళ్ళు దొరికాయని ఐరోపాలో సరుకు ఆపేశారు.

"రొయ్యకి జబ్బు చేస్తే మందెయ్యొద్దా అండీ? నాకు జొరమొస్తే నేను మందేసుకోనా?"

"వేసుకోండి" అన్నారు ఆవిడ. "మిమ్మల్ని ఎవరూ తినరు కదా."

ఆయన మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ మందులు మానాలో, సరుకు పంపేముందు ఎక్కడ పరీక్ష చేయించుకోవాలో సాయంత్రం దాకా రాసుకున్నారు.

ఇంతమంది సరుకుని ఆపే ఆవిడ, ఇంట్లోనూ ఓ సరిహద్దు కాపలా కాసేవారు. భర్తగారికి షుగరు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి ఇవ్వడం ఆయన పని, ఆ దారిలో మిఠాయి కొట్టుండటం ఆయన బలహీనత. ఒకరోజు నేనక్కడే ఉన్నాను. ఆయన వచ్చి క్యారేజీ బల్ల మీద పెట్టి, మడిచిన తన గొడుగుని చాలా జాగ్రత్తగా మూలన ఆనించారు. మేడం ముక్కు కదిలింది.

"ఏమండీ, గొడుగులో ఏముంది?"

"గొడుగులో ఏముంటుందే? గుడ్డ, ఊచలు."

"ఊచలకి యాలక్కాయ వాసనొస్తోంది."

తెరిస్తే బందరు లడ్డూ. ఆయన నాకేసి చూశారు, సాక్ష్యం చెప్పమన్నట్టు. నేను గోడకేసి చూశాను.

"ఇది పూర్తిగా నిషేధమా, లేక లైసెన్సుతో తినొచ్చా?" అని ఆయనే అడిగారు పాపం, అంత పెద్దమనిషి.

ఆవిడ లడ్డూ విరిచారు. పెద్దముక్క నాకిచ్చారు. గోరంత ముక్క ఆయన చేతిలో పెట్టి, "ఇది శాంపిలు" అన్నారు.

నాతో ఆవిడ పేచీ ఒక్కటే, బెరడు. నేను పెట్టెకి వాడే పలకల అంచుల్లో ఎక్కడైనా గోరంత బెరడు అంటుకుని ఉంటే ఆ పెట్టె మళ్ళీ చెయ్యాల్సిందే.

"బెరడు కింద పురుగు కాపురం పెడుతుందండీ."

"పెడితే పెట్టింది. మన కృష్ణాజిల్లా పురుగు అక్కడికి పోయి ఏం చేస్తుందండీ, భాష కూడా రాదు."

"పురుక్కి భాషెందుకు? చెట్టు కనపడితే చాలు. అక్కడ దాన్ని తినే పిట్ట కూడా ఉండదు. వాళ్ళ అడవంతా తినేస్తుంది. అందుకే వాళ్ళ జాగ్రత్త వాళ్ళది."

ఇంతకీ చెప్పాలనుకున్నది మంగమ్మక్క పెట్టె గురించి.

కొండపల్లి మంగమ్మక్క నాకు చుట్టమేమీ కాదు. భర్త బొమ్మలు చెక్కుతాడు, ఆవిడ మేకవెంట్రుకల కుంచెతో రంగులేస్తుంది. పెట్టెల కోసం నా దగ్గరికొస్తూ, నేను అక్కా అనడం, ఆయన్ని బావా అనడం అలవాటైపోయింది. బొమ్మలు కొని తిరిగి అమ్ముకునే దళారులకి ఇవ్వడమే తప్ప వాళ్ళ సరుకు వాళ్ళ పేరుతో ఎక్కడికీ పోలేదు. అలాంటిది, ఆస్ట్రేలియాలో బొమ్మల దుకాణం నడిపే ఒకావిడ కొండపల్లి చూడ్డానికొచ్చి, మంగమ్మక్క అరుగు మీద కూర్చుని, ఆ కుంచె కదలడం చూసి వెళ్ళింది. వెళ్ళాక కబురు పెట్టింది. క్రిస్మస్ అమ్మకాలకి ఒక పెట్టెడు బొమ్మలు పంపండి, అవి సవ్యంగా చేరితే ఏటేటా తీసుకుంటాను అని.

అదే సమయానికి బావకి థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పని కుదిరేలా ఉంది. ఉలి పక్కన పడేసి బూడిద ఎత్తే పనికి పోదామని ఆయన దాదాపు నిశ్చయించుకున్నాడు. మంగమ్మక్క బతిమాలింది. చివరికి మాట ఇచ్చాడు.

"ఈ పెట్టె చేరిందా, ఉలి పట్టుకునే ఉంటా. చేరలేదా, నువ్వింక మాట్లాడకు."

ఆ పెట్టె కొట్టే పని నాది. కాగితాల పని మేడంది. మొదటి రోజే మంగమ్మక్క గుండె బద్దలైంది. బొమ్మల ముక్కులు, వేళ్ళు, ఏనుగు దంతాలు విరక్కుండా ఉండటానికి కొండపల్లిలో తరతరాలుగా వాడేది వరిగడ్డి. మన డెల్టాలో గడ్డికి కరువా! ఆవిడ మెత్తటి గడ్డి మోపొకటి తెచ్చి నా షెడ్డులో దించింది. మేడం మోపుని వాసన చూశారు.

"కుదరదు, కూర్చో మంగమ్మా. గడ్డిలో గింజలుంటాయి, తెగుళ్ళుంటాయి. ఆ దేశం గడ్డిని గుమ్మం తొక్కనివ్వదు. పెట్టెలో గడ్డి లేదు, గింజ లేదు, ఆకు లేదు, మట్టి లేదు, చెక్కకి బెరడు లేదు అని నేను సంతకం పెట్టివ్వాలి. ఏ ఒక్కటి కనపడ్డా పెట్టెను కాల్చేస్తారు, లేకపోతే తిప్పి పంపుతారు."

"కాలుస్తారా? బొమ్మల్నా?" మంగమ్మక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "దశావతారాలమ్మా, మేడం!"

"వాళ్ళకి అవతారాలు తెలీవు. గింజే తెలుసు."

గడ్డి నా పక్కింటి గేదెకి పోయింది. ప్రింటింగు ప్రెస్సు నుంచి కాగితం కత్తిరింపులు తెచ్చాం.

పెట్టె కదలాల్సిన రోజు వచ్చింది. సాయంత్రం లారీ అందుకుంటే మద్రాసు రేవులో మందుపొగ పట్టించి ఓడెక్కిస్తారు. ఆ ఓడ తప్పితే క్రిస్మస్ తప్పినట్టే. మంగమ్మక్క, బావ పాతచీరల్లో చుట్టిన బొమ్మలతో మధ్యాహ్నానికే బస్సులో దిగారు. బావ, నేను టీకని బయటికెళ్ళి వచ్చేసరికి అక్క ఒక్కతే పెట్టె సర్దేసింది. పైన కాగితం కప్పి ఉంది. నేను మూత పెట్టి మేకులు కొట్టేశాను.

సంతకం చెయ్యడానికి మేడం గొడుగుతో వచ్చారు. చూడకుండా, అడక్కుండా సంతకం పెట్టే మనిషి కాదు. స్టూలు మీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీశారు.

"చెప్పమ్మా, అడుగు నుంచి పైదాకా ఏం పెట్టావు?"

మంగమ్మక్క మొహం వెలిగిపోయింది. "అడుగున ఎడ్లబళ్ళు మేడం. ఆ పైన అంబారీ ఏనుగులు, తాడిచెట్టు ఎక్కే గీతగాళ్ళు, చాట చెరిగే ఆడోళ్ళు. అన్నింటికన్నా పైన దశావతారాలు."

"మధ్యలో?"

"మీరు చెప్పిన కాయితమే. గడ్డి పోచ కూడా లేదు, ఒట్టు." ఆవిడ ఇంకా ఆనందంగా, కాస్త సిగ్గుగా అంది: "ఆడపిల్లని కాపురానికి పంపినట్టే పంపుతున్నా మేడం. ఒట్టి ఒడితో ఎట్టా పంపుతాం? ఒక్కో బొమ్మనీ దీవించి, అక్షింతలేసి మరీ పెట్టా."

షెడ్డులో నా రంపం కూడా ఆగిపోయింది.

"అక్షింతలా?" అన్నారు మేడం. "లోపలా?"

"పసుపు కలిపి. మంచి బియ్యమే, నూకలు కావు."

బావకి అర్థమైంది. తల పట్టుకుని పలకల దొంతర మీద కూలబడ్డాడు. అక్క మా మొహాలు ఒక్కొక్కటే చూసి, ఆఖర్న మేడం మొహం చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. బియ్యమంటే గింజే కదా అని.

నేను నోటికొచ్చింది అన్నాను. "మద్రాసులో ఎలాగూ పొగ పెడతారుగా మేడం. అందులో ఏముంటే మాత్రం బతుకుతుంది?"

"పొగకి చచ్చేది పురుగండీ. గింజ గింజలాగే ఉంటుంది. వాళ్ళ కంటికి కనపడుతుంది."

"నాలుగు గింజలు గదమ్మా" అని అక్క ఏడుపు మొదలెట్టింది. "కాయితాల్లో ఎక్కడో పడుంటాయి. నా బొమ్మలమ్మా... ఈయన పనికి పోతాడు... ఈ లారీ పోతే ఇంక..." మాట పూర్తిగా రాలేదు. మేడం చెయ్యి పట్టుకుంది.

వీధి చివర లారీ హారన్ వినపడింది. మేడం పెన్ను మూత పెట్టారు. మళ్ళీ తీశారు. కాగితం చూశారు. లేచి, మంగమ్మక్క చెయ్యి మెల్లగా విడిపించుకుని, షెడ్డు గుమ్మం దాకా నడిచి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. లారీకేసి చూస్తున్నారో, ఇంకెక్కడికి చూస్తున్నారో తెలీదు. నాకు తెలిసినంతలో ఆ గొడుగు మొదటిసారి చంకలోంచి జారి కింద పడింది. ఆవిడ తీసుకోలేదు.

తిరిగి వచ్చి, "మేకులు పీకండి" అన్నారు.

ఆ తర్వాత జరిగింది ఆటోనగర్ చరిత్రలో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. లారీ డ్రైవరు దగ్గరికి బావ పరిగెత్తాడు, మిగతా సరుకంతా ఎక్కించి మా పెట్టె ఆఖర్న ఎక్కించమని బతిమాలడానికి. నేను మేకులు పీకాను. మేడం ఒక తెల్లటి పంచె తెప్పించి నేల మీద పరిపించారు. గొడవ విని పక్క షెడ్ల మెకానిక్కులు వచ్చి బొమ్మలు అందుకోబోయారు.

"గ్రీజు చేతులు! కుదరదు. కడుక్కుని రండి."

లారీ ఇంజన్లు విప్పే మొనగాళ్ళంతా బుద్ధిగా కుళాయి దగ్గర వరస కట్టి సబ్బు రుద్దుకున్నారు. ఒక్కో బొమ్మ తీసి పంచె మీద తిరగేసి దులపడం, మేడం కళ్ళజోడు ముందు పెట్టడం. గింజలు రాలుతూనే ఉన్నాయి. అక్క మనసు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఏనుగు అంబారీల్లో, ఎడ్ల కాళ్ళ మధ్య, నరసింహావతారం ఒళ్ళో ఇరుక్కున్నవి దులిపితే రాలేదు. అప్పుడు టైర్లకి గాలి పట్టే మస్తాన్ తన కంప్రెసర్ పైపు లాక్కొచ్చాడు.

"ఊదేద్దామా మేడం?"

"దూరం నుంచి. ముక్కులు జాగ్రత్త!"

"ట్రాక్టరు టైరుకి పట్టినట్టు పట్టకురా, అది వామనుడు!" అన్నాను నేను.

మస్తాన్ ఎంత సున్నితంగా ఊదాడంటే, మంగమ్మక్క ఏడుస్తూనే, "మా ఇంట్లో కుంచె కూడా ఇంత మెత్తగా పట్టరయ్యా" అంది. కాగితం కత్తిరింపులన్నీ పారేసి కొత్తవి తెచ్చాం. పెట్టె అడుగున కూడా గాలి కొట్టాం. ఇంకేం లేవనుకున్నాక మేడం మళ్ళీ మొదట్నుంచీ చూశారు. చాట చెరిగే బొమ్మ దగ్గర ఆగారు. ఆ బుల్లి చాటలో, అసలు అక్కడే ఉండాల్సిందన్నట్టు, ఒక్క పసుపు గింజ కూర్చుని ఉంది.

"అది ఆవిడ సొంత బియ్యం మేడం" అన్నాడు ఎవరో.

మేడం జడలోంచి పిన్ను తీసి, ఆ గింజని పైకి లేపారు.

బొమ్మలు మళ్ళీ సర్దాం. మూత పెట్టబోతుంటే మంగమ్మక్క పంచె మీది గింజలన్నీ దోసిట్లోకి ఎత్తుకుని అలాగే నిలబడిపోయింది.

"దీవెన లేకుండా పంపమంటారా మేడం?"

మేడంకి ఈ అక్షింతలూ ఆచారాలూ పట్టవు కదా, ఏమంటారో అని నేను బితుకుబితుకుమంటూ చూశాను.

"దీవెనకి లైసెన్సు అక్కర్లేదమ్మా. బియ్యానికే కావాలి. నోటితో దీవించు. ఈ గింజలు..." అటూ ఇటూ చూశారు. "ఈయన మీద పొయ్యి. దేశం దాటే మనిషి కాదు."

మెకానిక్కులంతా ఈలలు వేస్తుండగా మంగమ్మక్క దోసిలంతా నా నెత్తిన పోసింది. వారందాకా చొక్కా జేబుల్లోంచి పసుపు బియ్యం రాలుతూనే ఉన్నాయి. అక్క పెట్టె మీద చెయ్యేసి ఏదో గొణుక్కుంది. రెండోవైపు మూల మీద మేడం కూడా వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. ఆవిడేం అడిగారో, ఎవర్ని అడిగారో, నేను కనుక్కోలేదు. కళ్ళు తెరవగానే సంతకం పెట్టారు. పెట్టె లారీ ఎక్కింది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. బావ ఉలి పట్టుకోలేదు, థర్మల్‌కీ పోలేదు. అరుగు మీద కూర్చుని దారికేసి చూసేవాడట. ఫోను మోగితే నేను రెండో మోత దాకా ఎత్తేవాణ్ణి కాదు.

ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు ఆటో ఆగింది. మేడం ఆటో ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు, ఎప్పుడూ సిటీబస్సే. దిగీ దిగకముందే అన్నారు:

"చేరింది."

ఆస్ట్రేలియా ఆవిడ ఫ్యాక్సు పంపిందట. అక్కడి అధికారులు పెట్టె మొత్తం విప్పి, ప్రతి బొమ్మనీ తలకిందులు చేసి, దులిపి, దీపం వేసి చూశారట. ఏమీ దొరకలేదని ముద్ర కొట్టి వదిలారట. ఒక్క ముక్కు కూడా విరగలేదట. నేను పలకల మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ భుజాల మీద ఎవరో గేరుబాక్సు పెట్టి ఇప్పుడు దించినట్టుంది. మస్తాన్ ఊరికే కంప్రెసర్ పైపు పైకెత్తి గాల్లోకి గాలి కొట్టాడు, బాణసంచా బదులు.

నేనే కొండపల్లి వెళ్ళి చెప్పాను. మంగమ్మక్క నవ్వలేదు, ఏడవలేదు, లోపలికెళ్ళి అన్నం వండటం మొదలెట్టింది. చాలా రోజుల తర్వాత ఆకలేసిందట. బావ అటక మీంచి ఉలి దించి, సానరాయి మీద నీళ్ళు చల్లుకున్నాడు.

మర్నాడు గవర్నర్‌పేట మెట్లెక్కాను. భర్తగారు అక్కడే ఉన్నారు. ఆవేళ ఆయనకి సగం లడ్డూ మంజూరైంది. మేడం మామూలుగానే ఏదో కాగితం మీద వంగి ఉన్నారు. నేను కూర్చుని, చాలాసేపు ఆపుకుని, ఇక ఆపుకోలేక అన్నాను:

"ఏదేమైనా మీరు చాలా గట్టి మనిషండీ మేడం. ఆవేళ మంగమ్మక్క అంతలా ఏడుస్తుంటే మీ కంట్లో చెమ్మయినా లేదు. మీరు సంతకం పెట్టరేమోనని నాకు గుండె ఆగినంత పనైంది తెలుసా?"

ఆవిడ పెన్ను మూత పెట్టి, మొదటిసారి నన్ను కళ్ళజోడు పైనుంచి కాకుండా లోంచి చూశారు.

"నాకూ ఆగినంత పనైందండీ" అన్నారు, "పెట్టేస్తానేమోనని."